2004 పాక్ టూర్ వన్డేలు: లాహోర్‌లో లక్ష్మణ్ కొట్టిన 107 ఊసు ఎవరూ ఎత్తరేం?

మణికట్టు_మాయ
మార్చి వచ్చిందంటే చాలు, ప్రతి ఏడూ అవే వీడియోలు తిరుగుతాయి. కరాచీలో కైఫ్ క్యాచ్, నెహ్రా ఆఖరి ఓవర్, అక్కణ్నుంచి నేరుగా ముల్తాన్‌లో సెహ్వాగ్ 309. మధ్యలో అయిదు వన్డేల సిరీస్ ఒకటి జరిగింది, అది 2-2తో ఆఖరి మ్యాచ్ దాకా వెళ్లింది అనే సంగతి చాలామందికి గుర్తు కూడా లేదు. 2004 మార్చి 24, లాహోర్, గడాఫీ స్టేడియం. మన స్కోరు 293/7. అందులో లక్ష్మణ్ 104 బంతుల్లో 107. ఆ తర్వాత ఎక్కువ పరుగులు గంగూలీవే, 45. పాకిస్తాన్ 253కి ఆలౌట్. పాకిస్తాన్ గడ్డ మీద మనం గెలిచిన మొట్టమొదటి వన్డే సిరీస్ అది. దాన్ని గెలిపించిన ఇన్నింగ్స్ ఏ 'టాప్ 10' జాబితాలోనూ కనబడదు. మనవాడు కదా అని అడగడం లేదు. నిజంగా అడుగుతున్నా, ఎందుకు?

నోబాల్_నాని
"మనవాడు కదా అని అడగడం లేదు" అట. పేరేమో మణికట్టు మాయ 😀

స్కోరుబుక్కు
కారణం సింపుల్. ఆ మ్యాచ్‌లో టెన్షన్ లేదు. కరాచీ 5 పరుగుల తేడా, పిండి (రావల్పిండి) 12 పరుగుల తేడా. ఆఖరిది 40 పరుగులతో గెలిచాం. జనానికి గుర్తుండేది గుండె ఆగిపోయే మ్యాచ్‌లే. డిసైడర్ అయినా సరే, ఛేజింగ్ మొదట్లోనే పఠాన్ టాప్ ఆర్డర్‌ని లేపేశాక ఇంక చూడ్డానికి ఏముంది?

బెజవాడ_బౌన్సర్
పైన స్కోరుబుక్కు చెప్పింది సగమే కరెక్టు. మాలిక్ 65, మొయిన్ ఖాన్ 72 కొట్టారు ఆ రోజు. వాళ్లిద్దరూ ఆడుతున్నంతసేపూ మా హాస్టల్లో ఎవడూ కూర్చోలేదు. తేలిగ్గా గెలిచాం అని ఇప్పుడు స్కోరుకార్డు చూసి అనుకోవచ్చు గానీ, అప్పుడు అలా లేదు.

ఆఖరి_ఓవర్
నా ఓటు మాత్రం కరాచీకే. మార్చి 13, శనివారం. మనం 349, వాళ్లు 344. రెండు ఇన్నింగ్స్ కలిపి 693 పరుగులు, అప్పటికి వన్డేల్లో అదే రికార్డు. ఇంజమామ్ 102 బంతుల్లో 122 కొట్టి అవుటయ్యాక కూడా వాళ్లే గెలిచేలా ఉన్నారు. 8 బంతుల్లో 10 పరుగులు కావాలి. జహీర్ బౌలింగ్‌లో మాలిక్ లేపాడు. కైఫ్ ఎక్కణ్నుంచి పరిగెత్తుకొచ్చాడో తెలీదు, బదానీని గుద్దుకుంటూ పట్టాడు. ఆ క్యాచ్ పోయుంటే 1-0 వాళ్లది. అప్పుడు లాహోర్ దాకా సిరీస్ ఉండేదే కాదు, లక్ష్మణ్ 107కి విలువా ఉండేది కాదు.

మణికట్టు_మాయ
@ఆఖరి_ఓవర్ ఈ లెక్కన ప్రతి మ్యాచ్‌లో ప్రతి బంతికీ సిరీస్ గెలిపించిన క్రెడిట్ ఇవ్వాలి. కైఫ్ క్యాచ్ గొప్పది కాదని ఎవరన్నారు? దాని గురించి ఇప్పటికే వెయ్యి పోస్టులున్నాయి అంటున్నా.

పాతరేడియో
కైఫ్ క్యాచ్ అంటారు, నెహ్రా అంటారు. అసలు ఆ 349 ఎలా వచ్చిందో ఎవరూ అనరు. సెహ్వాగ్ 57 బంతుల్లో 79, ద్రవిడ్ 99. ద్రవిడ్ ఆ సిరీస్‌లో వికెట్ల వెనక కూడా నిలబడ్డాడు. 99 కొట్టి, యాభై ఓవర్లు కీపింగ్ చేశాడు, ఆ మార్చి ఎండలో, కరాచీలో. ఒక్క పరుగు తక్కువైంది కాబట్టి సెంచరీల జాబితాలో ఉండదు, అంతే. మరుపు లెక్క తీస్తే ముందు ద్రవిడ్ గారి పేరు రాయాలి.

గూగ్లీ_గురవయ్య
ద్రవిడ్‌ని మరిచిపోయారని బాధపడే థ్రెడ్ ఇక్కడ వారానికి ఒకటి వస్తుంది పాతరేడియో గారూ. మరిచిపోయారని అందరూ గుర్తుపెట్టుకున్న ఏకైక ఆటగాడు ఆయన.

కరీంనగర్_కవర్‌డ్రైవ్
😂😂 మస్తు చెప్పినవ్ అన్నా

నోబాల్_నాని
నెహ్రా ఓవర్ గురించి ఒక మాట. 9 పరుగులు కావాలి, ఇచ్చింది 3. ఆఖరి బంతికి సిక్స్ కావాలి, మొయిన్ ఖాన్ స్ట్రయిక్‌లో ఉన్నాడు. ఈ పాకిస్తానీలకి ఆఖరి బంతి సిక్స్ అనగానే మాకు 1986 షార్జా, మియాందాద్ గుర్తొస్తాడు. పైగా ఆ మియాందాదే అప్పుడు వాళ్ల కోచ్! మా నాన్న టీవీ ఆపేసి బయటికి వెళ్లిపోయాడు. ఫుల్‌టాస్ పడింది, మొయిన్ కొట్టాడు, జహీర్ చేతిలో పడింది. నాన్నకి పక్కింట్లో టపాసులు విన్నాకే తెలిసింది.

ఆఖరి_ఓవర్
మియాందాద్ కోచ్ అన్న పాయింట్ భలే. ఆ రోజు ఇంకో విషయం కూడా ఉంది. మ్యాచ్ ఓడిపోయాక కరాచీ జనం లేచి నిలబడి మనవాళ్లకి చప్పట్లు కొట్టారు. అదే కరాచీలో 1997లో రాళ్లు పడ్డాయి, ఆట ఆపాల్సొచ్చింది. ఏడేళ్లలో అంత తేడా.

పాతరేడియో
1997 టూర్‌ని కదిలించారు కాబట్టి చెప్తాను. మూడే వన్డేలు. రాళ్లు పడ్డ కరాచీ మ్యాచ్ మనమే గెలిచాం, చౌహాన్ ఆఖర్లో సక్లైన్‌ను సిక్స్ కొట్టిన మ్యాచ్ అది. తర్వాత లాహోర్‌లో ఇజాజ్ అహ్మద్ 139 నాటౌట్, మనల్ని ఉతికేశాడు. సిరీస్ 2-1 వాళ్లది. మొదటి మ్యాచ్ ఎక్కడో తెలుసా? హైదరాబాద్! సింధ్‌లో ఉన్న హైదరాబాద్ లెండి. పేపర్లో "హైదరాబాద్‌లో పాక్ గెలుపు" అని చూసి మా ఆఫీసులో ఒకాయన ఎల్బీ స్టేడియంలో మ్యాచ్ ఎప్పుడు పెట్టారని అడిగాడు.

ఇంకా వెనక్కి వెళ్తే 1978 సాహివాల్. 14 బంతుల్లో 23 పరుగులు కావాలి, చేతిలో 8 వికెట్లు. సర్ఫ్‌రాజ్ వరసగా బౌన్సర్లు వేస్తుంటే అంపైర్లు ఒక్కదానికీ వైడ్ ఇవ్వలేదు. కెప్టెన్ బేడీ బ్యాటర్లని వెనక్కి పిలిచి మ్యాచ్ వదిలేశాడు. పాకిస్తాన్ వెళ్లి వన్డే సిరీస్ గెలవడం అంటే అప్పటి నుంచీ 2004 దాకా మనకి అందని పనే. ఆ సంగతి తెలిసినవాళ్లకే 3-2 విలువ తెలుస్తుంది.

మణికట్టు_మాయ
అదీ! నేను చెప్పబోయేది అదే. అంత బరువున్న సిరీస్‌లో డిసైడర్.

స్కోరుబుక్కు
సరే, లక్ష్మణ్ దగ్గరికే వద్దాం. మొత్తం వన్డే కెరీర్ 86 మ్యాచ్‌లు, 2338 పరుగులు, సగటు 30 పైచిలుకు, 6 సెంచరీలు. ఇది గొప్ప వన్డే ఆటగాడి లెక్క కాదు, కోపం తెచ్చుకోకండి. ఆ సిరీస్‌లో కూడా అంతకుముందు పెద్ద స్కోరు లేదు. ఒక్క ఆఖరి మ్యాచ్‌లో బాగా ఆడాడు. అంతే.

గచ్చిబౌలి_గ్లాన్స్
@స్కోరుబుక్కు ఆ ఆరు సెంచరీలు ఎప్పుడెప్పుడు వచ్చాయో చూశారా? మొదటిది 2001లో గోవా, ఆస్ట్రేలియా మీద 101. మిగతా అయిదు: 2003 అక్టోబర్‌లో గ్వాలియర్ 102, 2004 జనవరిలో ఆస్ట్రేలియాలో వారం తిరక్కుండా మూడు (బ్రిస్బేన్ 103 నాటౌట్, సిడ్నీ 106 నాటౌట్, అడిలైడ్‌లో జింబాబ్వే మీద 131), మార్చిలో లాహోర్ 107. అంటే ఆరింటిలో అయిదు సెంచరీలు అయిదు నెలల్లో వచ్చాయి. ఆ అయిదు నెలలు ప్రపంచంలో ఎవరి పక్కనైనా నిలబెట్టొచ్చు అతన్ని.

ఇక దానికి ముందేం జరిగిందో కూడా చూడాలి. 2003 వరల్డ్ కప్ టీమ్‌లో అతన్ని తీసుకోలేదు, దినేశ్ మోంగియాని తీసుకున్నారు. కెరీర్ మొత్తంలో ఒక్క వరల్డ్ కప్ మ్యాచ్ ఆడలేదు. పక్కన పెట్టిన ఏడాది లోపే ఈ అయిదు నెలలు మొదలయ్యాయి. సగటు 30 అని తీసిపారేస్తే ఈ కథంతా ఎగిరిపోతుంది.

కరీంనగర్_కవర్‌డ్రైవ్
మోంగియా పేరు ఎత్తకన్నా, బీపీ పెరుగుతది.

స్కోరుబుక్కు
@గచ్చిబౌలి_గ్లాన్స్ ఇది మంచి పోస్టు. ఒప్పుకుంటా, ఆ ఫామ్ వేరు. కానీ ఆరింటిలో అయిదు అయిదు నెలల్లో అంటే, మిగతా ఎనిమిదేళ్లలో ఒక్కటే అని కూడా అర్థం కదా? 1998లో మొదలెట్టి 2006 దాకా ఆడాడు. వికెట్ల మధ్య పరుగు, ఫీల్డింగ్, వీటిల్లో యువరాజ్, కైఫ్ ముందు నిలబడలేడు. అప్పటి టీమ్‌కి కావలసింది అదే.

బెజవాడ_బౌన్సర్
ఫీల్డింగ్ అంటే గుర్తొచ్చింది. ఆఖరి మ్యాచ్‌లో అసలు టర్నింగ్ పాయింట్ సచిన్ పట్టిన క్యాచ్. మురళీ కార్తీక్ బౌలింగ్‌లో ఇంజమామ్ లాంగాన్ మీదికి లేపాడు. సచిన్ బౌండరీ తాడు మీద పడిపోబోతూ, ఒంటికాలి మీద ఆగి, లోపలే ఉండిపోయాడు. ఇంజమామ్ అప్పటికి 38. సిరీస్‌లో రెండు సెంచరీలు కొట్టి ఉన్నాడు. ఇంకో పది ఓవర్లు ఉండుంటే 293 ఏ మూలకి?

ఈడెన్_281
ఎవరూ చెప్పడం లేదు గానీ, మ్యాన్ ఆఫ్ ద సిరీస్ ఇంజమామే. ఓడిన కెప్టెన్‌కి ఇచ్చారు. కరాచీ 122, లాహోర్ నాలుగో మ్యాచ్ 123, రెండు సార్లూ ఓడిపోయారు పాపం. మన సచిన్‌ని "కొడితే ఓడతాం" అని వెక్కిరించేవాళ్లు ఇంజమామ్ సంగతి చూడాలి.

నోబాల్_నాని
సచిన్ అభిమానులు వచ్చేశారు. పిండి గురించి మొదలెట్టండి ఇక.

ఈడెన్_281
మొదలెడతా! రావల్పిండి, మార్చి 16, వాళ్లు 329. ఆఫ్రిది 80, యాసిర్ హమీద్ 86. ఛేజింగ్‌లో సచిన్ 135 బంతుల్లో 141. అతను అవుటయ్యాక మిగతావాళ్లు లాగలేక 317కి ఆలౌట్, ఇంకా 8 బంతులు మిగిలే ఉన్నాయి. 12 పరుగులు. 141 కొట్టినవాడిదా తప్పు, మిగతా పదిమందిదా? మణికట్టు గారికి లక్ష్మణ్ 107 ఎవరికీ గుర్తులేదని బాధ. మాకేమో ఈ 141ని ఓడిన మ్యాచ్ లెక్కలోనే గుర్తుపెట్టుకుంటారని బాధ.

గూగ్లీ_గురవయ్య
తొలి మ్యాచ్‌లో 349 కొట్టిన పిచ్, రెండో మ్యాచ్‌లో 329 ఇచ్చిన పిచ్. బౌలర్లకి శిక్ష వేసినట్టుండేవి. ఈ సిరీస్‌లో బ్యాటర్లని పొగిడేవాళ్లందరూ పెషావర్ స్కోరుకార్డు ఒకసారి చూడండి. కొంచెం బంతి కదలగానే షబ్బీర్ అహ్మద్ మన టాప్ ఆర్డర్‌ని ఊడ్చేశాడు. 244/9, అది కూడా యువరాజ్ 65 కొట్టాడు కాబట్టి. వాళ్లు 6 వికెట్లు పోగొట్టుకుని కొట్టేశారు, యాసిర్ హమీద్ 98. అప్పటికి 2-1 వెనకబడ్డాం.

అందుకే నా లెక్కలో సిరీస్ గెలిపించింది ఇర్ఫాన్ పఠాన్. పెషావర్‌లో టీమ్‌లోకి తెచ్చారు. ఆఖరి మ్యాచ్‌లో 3/32 (32 పరుగులిచ్చి 3 వికెట్లు). ఆ పిచ్‌ల మీద, ఆ వయసులో (19 ఏళ్లు), లాహోర్ జనం మధ్య. లక్ష్మణ్ 107 లేకపోయినా ఎవరో ఒకరు 270 దాకా లాగేవాళ్లు. ఆ మొదటి స్పెల్ లేకపోతే మాత్రం ఇంజమామ్ సైన్యం 293 కొట్టేసేది.

మణికట్టు_మాయ
గురవయ్య గారూ, "ఎవరో ఒకరు లాగేవాళ్లు" అనడం భలే సులభం. ద్రవిడ్, యువరాజ్, కైఫ్ ఆ రోజు ఎవరూ పెద్ద స్కోరు చేయలేదు. లాగినవాడు లక్ష్మణ్ ఒక్కడే. వన్‌డౌన్ వచ్చి షోయబ్ అక్తర్ని, సమీని ఆడాడు. లక్ష్మణ్ స్లో అని నసిగేవాళ్లకి కూడా చెప్తున్నా: 104 బంతుల్లో 107, అది 2004లో.

గూగ్లీ_గురవయ్య
బాలాజీ కూడా షోయబ్‌ని సిక్స్ కొట్టాడు ఆ టూర్‌లో. బ్యాట్ విరిగినా నవ్వాడు. షోయబ్‌ని ఆడటం ఒక్కటే గీటురాయి అయితే బాలాజీకీ విగ్రహం పెట్టాలి.

కరీంనగర్_కవర్‌డ్రైవ్
పెట్టాలె! బాలాజీకి ఆ నవ్వు మీదనే పెట్టాలె. పాకిస్తాన్‌లో పిల్లలు కూడా అతని ఫ్యాన్స్ అయిపోయిన్రు ఆ టూర్‌ల.

విశాఖ_విల్లో
మీరంతా మరిచిపోయిన మ్యాచ్ నాలుగోది. మార్చి 21, ఆదివారం, ఉగాది! ఇంట్లో అందరూ ఉన్నారు. 294 టార్గెట్, మనం 162/5. 2-1 వెనకబడి ఉన్నాం, ఇది పోతే సిరీస్ పోయినట్టే. మా తాతయ్య పంచాంగం చూసి "ఈ ఏడు పాలకులకి అపజయం" అని వచ్చిందన్నాడు. గంగూలీయా, వాజ్‌పేయియా అని ఇంట్లో పెద్ద చర్చ. ద్రవిడ్ 76 నాటౌట్, కైఫ్ 71 నాటౌట్. వికెట్ పడకుండా 132 పరుగులు జోడించి 45 ఓవర్లకే ముగించేశారు. అక్కడ ఇంకో వికెట్ పడుంటే లక్ష్మణ్ డిసైడర్ అనేదే లేదు.

పాతరేడియో
పంచాంగం మొత్తానికి నిజమే అయింది, మే నెలలో 😀 మన రాష్ట్రంలో కూడా.

మోడరేటర్
రాజకీయాలు వద్దు. ఇక్కడితో ఆపేద్దాం.

పాతరేడియో
క్రికెట్టే మాట్లాడుతున్నా సార్. టూర్‌కి బయల్దేరేముందు వాజ్‌పేయి గారు టీమ్‌కి ఇచ్చిన బ్యాట్ మీద ఆట ఒక్కటే కాదు, మనసులు కూడా గెలవండి అని హిందీలో రాసి ఇచ్చారు. రెండూ జరిగాయి. మనవాళ్లు వేలమంది వీసాలు తీసుకుని లాహోర్ వెళ్లారు. ఇండియా నుంచి వచ్చామంటే దుకాణాల్లో డబ్బు తీసుకోలేదని అప్పుడు పేపర్ల నిండా వార్తలే.

బెజవాడ_బౌన్సర్
విశాఖ_విల్లో చెప్పిన నాలుగో మ్యాచ్‌తో పూర్తిగా ఏకీభవిస్తా. 162/5 దగ్గర మా హాస్టల్లో సగంమంది లేచి వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లని తర్వాతి మ్యాచ్‌కి టీవీ గదిలోకి రానివ్వలేదు, గెలిచే సెంటిమెంట్ చెడుతుందని. వాళ్లు కిటికీలోంచి చూశారు లక్ష్మణ్ సెంచరీని.

నోబాల్_నాని
టీవీ అంటే, ఆ సిరీస్ మనకి కనబడటమే ఒక కథ. హక్కులు టెన్ స్పోర్ట్స్‌వి. దూరదర్శన్‌లో వస్తుందా రాదా అని టూర్ మొదలయ్యే రోజుల్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి కోర్టు చెప్పాక దూరదర్శన్‌కి ప్రసారం ఇచ్చారు, టెన్ స్పోర్ట్స్ లోగోతో సహా. కేబుల్ లేని ఊళ్లన్నీ ఆ తీర్పు వల్లే చూశాయి.

కరీంనగర్_కవర్‌డ్రైవ్
మా ఊర్ల గట్లనే చూసినం. యాంటెన్నా తిప్పడానికి ఒకడు గోడ ఎక్కి ఉండేటోడు. వానికి మ్యాచ్ కనపడకపోయేది, మేం అరిస్తే తెలిసేది. పదో తరగతి పరీక్షలు అప్పుడే. లెక్కల పరీక్ష సంగతి అడగకండి.

గచ్చిబౌలి_గ్లాన్స్
మన దగ్గర ఆడిన ఇండియా–పాక్ వన్డేలు కూడా తక్కువేం కాదు. 1987 మార్చి 20, ఎల్బీ స్టేడియం, 44 ఓవర్ల మ్యాచ్. మనం 212/6, వాళ్లు 212/7. ఆఖరి బంతికి అబ్దుల్ ఖాదిర్ రెండో పరుగుకి వెళ్లి రనౌట్. స్కోర్లు సమానం, తక్కువ వికెట్లు పోయాయి కాబట్టి గెలుపు మనది. ఇప్పుడైతే సూపర్ ఓవర్ అనేవాళ్లు.

విశాఖ_విల్లో
ఎల్బీ సరే, 2005 ఏప్రిల్ 5 విశాఖ మాటేంటి? మా స్టేడియంలో మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్. జుట్టు పెంచుకున్న ధోనీని గంగూలీ వన్‌డౌన్ పంపించాడు, 123 బంతుల్లో 148. 356 కొట్టి 58 పరుగులతో గెలిచాం. ధోనీ అంటే ఎవరో దేశానికి తెలిసింది మా ఊళ్లోనే.

స్కోరుబుక్కు
ఆ సిరీస్ మనం ఓడిపోయాం కదండీ. కొచ్చి, విశాఖ గెలిచి 2-0 ఆధిక్యం, తర్వాత నాలుగూ వరసగా పోయాయి. 4-2. అహ్మదాబాద్‌లో సచిన్ వేసిన ఆఖరి బంతికి ఇంజమామ్ ఫోర్, కాన్పూర్‌లో ఆఫ్రిది 45 బంతుల్లో సెంచరీ. ధోనీ 148 మాత్రం అందరికీ గుర్తు. చూశారా మణికట్టు గారూ, జ్ఞాపకానికి సిరీస్ ఫలితంతో పనిలేదు. కొత్తవాడు ఒక్కసారిగా పేలితే గుర్తుంటుంది. ఎప్పుడూ అందంగా ఆడేవాడు ఇంకోసారి అందంగా ఆడితే "ఊఁ, లక్ష్మణ్ కదా" అని వదిలేస్తారు.

మణికట్టు_మాయ
ఇంతసేపటికి ఒక జవాబు వచ్చింది. దీనికి మాత్రం ఒప్పుకుంటా. పైగా టెస్టుల్లో లక్ష్మణ్ కొట్టిన ఈడెన్ 281 లాంటిది ఒకటి వెనకాల ఉంటే, మిగతావన్నీ దాని నీడలో పడిపోతాయి.

ఈడెన్_281
నన్నెందుకు లాగుతారు మధ్యలో

యార్కర్_యాదగిరి
ఇప్పుడే చదివా అంతా. నేను 2004లో పుట్టా. మీరంతా చెప్తుంటే ఏదో వేరే లోకం లాగుంది. ఇండియా పాకిస్తాన్ వెళ్లి అయిదు వన్డేలు ఆడటమా? నాకు తెలిసిన ఇండియా–పాక్ అంటే వరల్డ్ కప్‌లో ఒకటి, ఆసియా కప్‌లో ఒకటీ రెండూ. ఒక్క మ్యాచ్ పోతే రెండేళ్లు మాటలు పడాలి. ద్వైపాక్షిక సిరీస్ చివరిసారి ఎప్పుడు జరిగింది?

గచ్చిబౌలి_గ్లాన్స్
@యార్కర్_యాదగిరి 2012 డిసెంబర్ – 2013 జనవరి, తమ్ముడూ. వాళ్లే ఇక్కడికి వచ్చారు. వన్డేలు చెన్నై, కోల్‌కతా, ఢిల్లీ. వాళ్లు 2-1. చెన్నైలో ధోనీ 113 నాటౌట్, అయినా ఓటమే. భువనేశ్వర్ వన్డేల్లో తన మొట్టమొదటి బంతికే హఫీజ్‌ని బౌల్డ్ చేసింది అక్కడే. ఢిల్లీలో 167 కొట్టి కూడా 10 పరుగులతో కాపాడుకున్నాం. మనవాళ్లు అక్కడికి వెళ్లి ద్వైపాక్షిక సిరీస్ ఆడింది 2006లో, వన్డేలు 4-1 మనవి. ఆ నాలుగు గెలుపులూ ఛేజింగ్‌లోనే. తర్వాత 2008 ఆసియా కప్‌కి వెళ్లాం, అంతే.

యార్కర్_యాదగిరి
థ్యాంక్స్ అన్నా. అయితే ఒక డౌట్. మళ్లీ అలాంటి సిరీస్ పెడితే ఎవరైనా చూస్తారా? ఇప్పుడు ద్వైపాక్షిక వన్డేలంటేనే ఎవరూ పట్టించుకోవట్లేదు.

గూగ్లీ_గురవయ్య
చూస్తారు. కానీ అలా ఆడరు. 2004లో ఆటగాళ్లు కలిసి నవ్వుకున్నారు, ఓడినవాళ్లకి జనం చప్పట్లు కొట్టారు. ఇప్పుడు 2025 ఆసియా కప్ చూశాం కదా, కరచాలనం కూడా లేదు.

బెజవాడ_బౌన్సర్
ప్రభుత్వాల మధ్య జరిగేవాటికి ఆటగాళ్లేం చేస్తారు గురవయ్య గారూ. 2008 ముంబై దాడుల తర్వాత ఎవరు మాత్రం టూర్ పెడతారు? ఇది క్రికెట్ బోర్డుల చేతిలో ఉన్న విషయం కాదు.

గూగ్లీ_గురవయ్య
వెళ్లాలని నేనెక్కడన్నాను? అలా ఆడరు అన్నాను.

కరీంనగర్_కవర్‌డ్రైవ్
మన జనం మాత్రం మారలే. 2023 వరల్డ్ కప్‌ల ఉప్పల్‌కి పోయిన నేను, పాకిస్తాన్–శ్రీలంక. 345 కొట్టేసిన్రు వాళ్లు. రిజ్వాన్ 131 నాటౌట్. మంచి షాట్ పడితే ఉప్పల్‌ల చప్పట్లు పడ్డయి, ఎవడిదన్న గానీ.

మోడరేటర్
మళ్లీ రాజకీయాల వైపు పోతోంది. 2004 దగ్గరే ఉండండి, లేకపోతే తాళం వేస్తా.

నోబాల్_నాని
సరే సార్. 2004 దగ్గరే ఉంటా. పోల్ పెడదాం: సిరీస్‌ని గెలిపించింది ఏది? కైఫ్ క్యాచ్ / ద్రవిడ్–కైఫ్ 132 / లక్ష్మణ్ 107 / పఠాన్ 3/32 / సచిన్ క్యాచ్.

స్కోరుబుక్కు
ద్రవిడ్–కైఫ్ 132.

గూగ్లీ_గురవయ్య
పఠాన్.

ఆఖరి_ఓవర్
కైఫ్ క్యాచ్, ఇంకేముంది.

పాతరేడియో
పోల్‌లో కైఫ్ పేరు రెండుసార్లు వచ్చింది గమనించారా? మరిచిపోయినవాళ్ల జాబితాకి ఇంకొకడు.

మణికట్టు_మాయ
పాతరేడియో గారూ, కైఫ్‌ని మరిచిపోవడమేంటి? లార్డ్స్ ఫైనల్ ఎవరూ మరవలేదు! నా థ్రెడ్‌లో నా పోటీదారుని తెచ్చి కూర్చోబెడుతున్నారు. లక్ష్మణ్‌కి ఒక ఓటు రాసుకో నానీ.

విశాఖ_విల్లో
నాది ద్రవిడ్–కైఫ్. ఉగాది కోటా.

ఈడెన్_281
పిండి 141 ఆప్షన్ ఎందుకు లేదు?

నోబాల్_నాని
ఓడిన మ్యాచ్ అన్నా అది. "సిరీస్‌ని గెలిపించింది" అని రాశా పైన.

ఈడెన్_281
ఇదే నేను చెప్పేది!!